తోడు వచ్చిన చిలుకకు వెల యెంత?

*పాచికలతో ఆడు కథలాటలలో మంత్రగానికి తోడుగా వచ్చు మాయాజీవులకు ఏబది యేండ్లుగా నియమములు వ్రాయబడుచున్నవి. వానిని డోర్నకల్ అరుగుమీద కూర్చుండి చదివినప్పుడు మన హంసలు, చిలుకలు, బేతాళుడు, జింకపిల్ల జ్ఞప్తికి వచ్చి ఏమి చెప్పినవో ఈ వారము ముఖచిత్ర కథనము.*

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గము డోర్నకల్ జంక్షనులో భద్రాచలం రోడ్డు వైపు ఒక శాఖను విడుచును. ఆ చీలికకు ఎంతో దూరము లేని మా యింటి అరుగుమీద, మొన్నటి వేసవి సెలవులలో ఒక సాయంకాలము, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్న నా మేనల్లుడు ముగ్గురు స్నేహితులను కూడగట్టి, చాప పరచి, దానిమీద కాగితములు, పెన్సిళ్లు, 4 మొదలు 20 వరకు ముఖములు గల రంగురంగుల పాచికలు పెట్టుకొని, కథ ఆడుచుండెను. కథ చెప్పుటకును ఆట ఆడుటకును నడుమ నున్న ఆ వ్యాపారమునకు నాకు వేరు మాట దొరకలేదు.

వాని పాత్ర ఒక మంత్రగాడు. ఆ మంత్రగానికి ఒక గుడ్లగూబ తోడు. పాడుపడిన కోటలోని చీకటిగదిలో ఏమున్నదో చూచి రమ్మని వాడు దానిని ముందుగా పంపెను, పాచిక పడెను, లోపల పొంచియున్న భూతము గుడ్లగూబను ఒక్క దెబ్బతో చంపెను. నాకు తెలియకయే నా నోట “అయ్యో” అను మాట వెలువడెను. వాడు తల యెత్తి నన్ను ఓదార్చుచున్నట్లుగా చెప్పెను:

“గుడ్లగూబ సచ్చిపోతే ఏమైతది మామా? పది బంగారు నాణేలు, ఒక గంట టైం. మళ్ళ పిలుసుకుందాం.”

“దాని పేరేందిరా?” అని అడిగితిని.

“పేరు పెట్టలే మామా.”

ఆట సాగిపోయెను. వారి నవ్వులు స్టేషనులోని ఇంజను కూతలతో కలిసిపోయెను. నేను మాత్రము ఆ 10 నాణెముల యొద్దనే ఆగిపోయితిని. ప్రాణమునకు ప్రాణమై రావలసిన జీవికి ఆ వెల యెవరు కట్టిరి, ఎప్పుడు కట్టిరి, ఏల కట్టిరి అను విచారము నన్ను ఆ రాత్రి వాని నియమగ్రంథములను అడిగి తీసికొని చదువునట్లు చేసినది. పిమ్మట కొన్ని దినములు ఆ గ్రంథములయొక్క పూర్వ ముద్రణములను కూడ వెదకి చదివితిని. ఈ వ్యాసము ఆ పఠనఫలము.

ఆట స్వరూపము

ఈ ఆటను ఎరుగని పాఠకుల కొరకు నాలుగు మాటలు చెప్పవలెను. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు కూడి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. మొదటి ముద్రణము 1,000 ప్రతులు మాత్రమే. సైన్యముల బొమ్మలతో ఆడు యుద్ధక్రీడ అంతకు ముందే ఉండినది. వీరు చేసిన నూతనత్వమేమనగా, ఆటగాడు ఒక సేనకు అధిపతిగా గాక ఒక్క మనుష్యునిగా మారి, ఆ మనుష్యుని నోటితో మాటలాడి, అతని భయములను, ఆశలను తనవిగా చేసికొనుట. ఒకడు కథానిర్వాహకుడై లోకమును వర్ణించును. తక్కినవారు తమ పాత్రలు ఏమి చేయుచున్నవో చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైన చోట పాచిక తీర్పు చెప్పును. ఇందు గెలుపోటములు లేవు. కథ ముందునకు సాగుటయే గెలుపు.

మనకు ఇది బొత్తిగా అపరిచితమైన మార్గము కాదు. పులిజూదమున 3 పులులకు, 15 మేకలకు వేరువేరు ధర్మములు విధించి, బలవంతుడు అల్పసంఖ్యాకుడైనప్పుడు, బలహీనుడు బహుసంఖ్యాకుడైనప్పుడు ఏమగునో గీతలపై చూపినవారు మన పెద్దలు. వైకుంఠపాళిలో పాము మ్రింగినవాడు దాని తోకయున్న గడికి దిగిపోవలెనన్న నియమము ఒక నీతిశాస్త్రమే. ఆటలోని నియమము ఆడువారికి తెలియకయే వారికొక ధర్మమును బోధించును. అందువలన తోడుజీవులను గూర్చిన నియమములను పిల్లల వ్యవహారమని తీసివేయుట నాకు సమ్మతము కాదు. ఒక ప్రాణిని ఎట్లు చూడవలెనో అవి గంటల తరబడి అభ్యాసము చేయించుచున్నవి.

ఒడలి నుండి సంచికి

ఈ ఆటయందు మంత్రగాని తోడుజీవిని ‘ఫెమిలియర్’ అందురు. 1978లో వెలువడిన ఆటగాని కరదీపికలో దానిని పిలుచు మంత్రమునకు విధించిన క్రమము ఒక వ్రతమువలె కనబడును. ఇత్తడి కుంపటిలో బొగ్గులు రగిల్చి, 100 బంగారు నాణెములు విలువచేయు ధూపద్రవ్యములను, మూలికలను అందు వేసి, మంత్రగాడు జపము చేయుచు కూర్చుండవలెను. జీవి యెప్పుడు వచ్చునో తెలియదు. ఒక గంట పట్టవచ్చును, ఒక దినమంతయు పట్టవచ్చును. ఏది వచ్చునో కూడ తన యిచ్ఛలో లేదు. 20 ముఖముల పాచిక వేయగా నల్లపిల్లియో, కాకియో, డేగయో, గుడ్లగూబయో, కప్పయో, ముంగిసవంటి వీజెల్ అను జంతువో వచ్చును. నాలుగింట ఒక వంతు సందర్భములలో ఏదియు రాదు. రాకపోయినచో మరల ప్రయత్నించుటకు సంవత్సరము ఆగవలెను.

వచ్చిన జీవి సమీపముననున్నంత కాలము దాని ప్రాణాంకములు యజమాని ప్రాణాంకములతో కలియును. ప్రాణాంకములనగా పిల్లలు హిట్ పాయింట్లని చెప్పునవి; ఎన్ని దెబ్బలకు ఓర్చుకొనగలమో చెప్పు లెక్క. ఆ జీవి చనిపోయినచో దాని ప్రాణాంకములకు రెట్టింపు యజమాని ఒడలినుండి తొలగిపోవును. అవి యెన్నటికిని తిరిగి రావు. తొలిమెట్టుననున్న మంత్రగానికి ఉండునది 4 ముఖముల పాచిక వేయగా వచ్చిన ప్రాణము మాత్రమే. తోడుజీవికి 2 మొదలు 4 వరకు ఉండును. కావున దాని మరణము యజమానికిని మరణమే కావచ్చును. ఇందు పిల్లి ప్రాణమును మనుష్యుని ప్రాణమును ఒక్క ముడి వేసిరి.

2000 సంవత్సరమున వెలువడిన మూడవ కూర్పులో ఈ ముడి సడలినది. జీవి మరణించినచో మంత్రగాడు ఒక పరీక్షను ఎదుర్కొని, ఓడినచో మెట్టునకు 200 చొప్పున అనుభవాంకములు కోల్పోవును. గెలిచినచో అందు సగము. మరియొక జీవిని పిలుచుటకు ఒక సంవత్సరము మీద ఒక దినము ఆగవలెను. శరీరము నుండి పోవలసినది ఇప్పుడు అనుభవము నుండి పోవుచున్నది. శోకమునకు మాత్రము ఒక గడువు మిగిలినది.

2014 నాటి అయిదవ కూర్పులో ఆ గడువును తీసివేసిరి. 10 బంగారు నాణెముల ద్రవ్యములు, ఒక గంట క్రతువు చాలును. గబ్బిలము, పిల్లి, ఎండ్రకాయ, సాలెపురుగు, సముద్రగుఱ్ఱము మున్నగు 15 రూపములలో కోరినదానిని మంత్రగాడే యెన్నుకొనవచ్చును. వచ్చునది జంతువు కూడ కాదు. జంతురూపము ధరించిన ఒక ఆత్మ. 100 అడుగుల లోపల నున్నంతవరకు దానితో మనస్సుచేతనే మాటలాడవచ్చును. తన చూపును, వినికిడిని విడిచి దాని కన్నులతో చూడవచ్చును. చంపబడినచో శవము కూడ మిగులక మాయమగును. మరల పిలిచిన అదే ఆత్మ వచ్చును. గుడ్లగూబకు చీకటిలో చూపు మెండు, శత్రువు ప్రక్కనుండి ఎగిరిపోవునప్పుడు దెబ్బ తగులదు. అందుచేత ఆటగాండ్లలో పలువురు గుడ్లగూబనే కోరుదురు. నా మేనల్లుడును అట్లే కోరెను.

ఈ ఆటలో మరియొక పాత్రయగు అరణ్యచారియైన వేటగాని తోడుమృగమునకును ఇదియే చరిత్ర. 2014లో తోడేలో మరియొక మృగమో చనిపోయినచో వేటగాడు పగతో లేని మరియొక మృగముతో 8 గంటలు గడిపి స్నేహము కుదుర్చుకొనవలెను. 2020లో వచ్చిన అనుబంధ గ్రంథములో చనిపోయిన గంటలోపల దానిని తాకి, కొంత మంత్రశక్తిని వ్యయము చేసినచో ఒక్క నిమిషములో అది లేచి కూర్చుండును.

ఏబది యేండ్ల ఈ చరిత్రను ఒక్క వాక్యమున చెప్పవలెనన్న, తోడుజీవి మరణమునకు చెల్లించు వెల మొదట ఒడలినుండి, పిమ్మట అనుభవమునుండి, తుదకు రూకల సంచినుండి చెల్లుచు వచ్చినది.

ఈ మార్పునకు కారణము ఆటగాండ్ల కఠినత్వమని తీర్పు చెప్పుట అన్యాయము. పాత నియమము క్రింద మంత్రగాండ్రు పిల్లిని సంచిలో దాచి, ఆపద తొలగువరకు దాని పేరెత్తెడివారు కారు. కథలోనికి రావలసిన జీవి కథ వెలుపలనే ముడుచుకొని కూర్చుండెడిది. క్రొత్త నియమము దానిని సంచినుండి విడిపించి, కిటికీలగుండ ఎగురవేసి, మిత్రుల భుజములపై వ్రాలనిచ్చినది. అతిభారమైన వెల మనుష్యుని లోభిగా చేయును; వెలయే లేనిచో అతడు దుబారా చేయును. ఈ రెంటి నడుమ దారి యేది? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నేను మన కథలలోనికి మరలితిని.

పేరు వెనుక ఉరికొయ్య

అంతకు ముందు ఆ ‘ఫెమిలియర్’ అను మాటను గూర్చి ఒక విషయము చెప్పక తప్పదు. కుటుంబము, ఇంటి సేవకజనము అను అర్థముగల లాటిన్ పదమునుండి వచ్చిన ఆ మాట ఇంగ్లండులో 16, 17 శతాబ్దులయందు మంత్రగత్తెలని నిందింపబడిన స్త్రీల యింటి పిల్లులకు, కప్పలకు, కుక్కలకు తగిలినది. దుష్టభూతములకు ఆశ్రయమిచ్చుట, తిండి పెట్టుట నేరమని 1604 నాటి శాసనము చెప్పెను. ఒంటరిగా బ్రదుకుచు ఒక పిల్లికి పాలు పోసిన ముసలమ్మ ఆ పాలకే ఉరికొయ్యకు పోవలసిన కాలమది. 1640 ప్రాంతములలో మాథ్యూ హాప్‌కిన్స్ అనువాడు ఊరూర తిరిగి ఇట్టివారిని పట్టియిచ్చుటయే వృత్తిగా చేసికొనెను. 1647లో అతడు ప్రకటించిన పుస్తకపు ముఖచిత్రమున ఆ జంతువుల బొమ్మలు పేర్లతో సహా ముద్రింపబడినవి.

దీనిని దూరదేశపు పాతకథగా చదువుటకు మనకు అర్హత లేదు. బాణామతి చేసినారన్న నిందతో, చేతబడి చేసినారన్న అనుమానముతో తెలంగాణ పల్లెలలో మనుష్యులను కొట్టిన, చంపిన వార్తలు మన దినపత్రికలలో మన తరముననే చదివితిమి. ఆ నిందకు గురియైనవారిలో దిక్కులేనివారు, ఒంటరి స్త్రీలు, వృద్ధులు ఎక్కువ. ఒక కాలమున ఉరితీతకు సాక్ష్యమైన పిల్లి నేడు చాపమీద నలుగురు పిల్లల ఆటలో నేస్తమగుట మానవజాతి సాధించిన చిన్న విజయము కాదు. ఊహను ఊహగా ఎరిగి ఆడుకొనువాడు పొరుగింటి ముసలమ్మను మంత్రగత్తెయని నమ్మడు. ఈ ఆటను నేను ఆదరించుటకు ఇది మొదటి కారణము.

మన కథల శాసనములు

తోడుజీవులకు మన కథకులును నియమములు వ్రాసిరి; అయితే వానిని పట్టికలుగా గాక కథలుగా వ్రాసిరి.

మొదటిది హంస నియమము. శ్రీనాథుని శృంగారనైషధమున నలుడు కొలని గట్టున బంగారు హంసను పట్టుకొనును. అది తన ముసలితల్లిని, ఆలిని, పసికూనలను తలచుకొని విలపించగా జాలిపడి విడిచిపెట్టును. విడువబడిన హంస ఎగిరిపోయి ఊరకుండవచ్చును. అది తానై మరలివచ్చి అతని చేతిమీద వ్రాలి దమయంతి వృత్తాంతము చెప్పి దూతగా పోవును. పట్టుబడినంతసేపు అది ఆహారము, లేక అలంకారము. విడువబడి తిరిగివచ్చిన క్షణముననే అది తోడు. ధూపము వేసి, మంత్రము చెప్పి, జీవిని రప్పించుకొను ఆట నియమములలో ఈ విడుదల యెక్కడను లేదు.

రెండవది చిలుక నియమము. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ తన ప్రాణమును ఏడు సముద్రముల కావల ఒక చిలుకయందు దాచుకొనును. బాలవర్ధిరాజు ఆ చిలుకను చేజిక్కించుకొని దాని మెడ విరువగా మాంత్రికుడు కూలును. 1942లో జెమిని వారి చలనచిత్రము చూచినవారు, అంతకు ముందు బుర్రకథలుగా విన్నవారు, చిలుక రెక్క విరిగినప్పుడు మాంత్రికుని చేయి విరిగినట్లు విలవిలలాడుటను మరువరు. 1978 నాటి ఆటగాని కరదీపిక వ్రాసినవారు మన బాలనాగమ్మను వినలేదు. అయినను ఇరువురును ఒకే శాసనమును చేరిరి. తేడా యొక్కటే. ప్రాణమును అంత దూరమున దాచినవానికి చిలుక తోడు కాదు, పెట్టె మాత్రమే. మాయల మరాఠీ ఆ చిలుకకు ఒక పండైన పెట్టినట్లు కథ చెప్పదు. ప్రాణబంధమొక్కటే స్నేహమును కలిగింపదని దీనివలన తెలియుచున్నది.

మూడవది బేతాళ నియమము. రంగు వెలిసిన పాత చందమామలను దాచుకొన్న యిండ్లు నేటికిని మా ప్రాంతమున ఉన్నవి. 1947 జులైలో మద్రాసునుండి వెలువడుట ఆరంభించిన ఆ పత్రికలో శంకర్ గీసిన బొమ్మ, భుజముమీద శవము, చేత కత్తి, శ్మశానమున నడచుచున్న విక్రమార్కుడు, మా తరమువారి కనురెప్పల వెనుక ముద్రపడినది. శవమునందలి బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగును. సమాధానము తెలిసియు చెప్పనిచో తల వ్రక్కలగును. చెప్పినచో మౌనభంగమై బేతాళుడు చెట్టెక్కును. ఇంత చక్కని నియమమును ఏ ఆటయందును నేను చూడలేదు. ఇందు యజమాని జీవికి ఆజ్ఞ యిచ్చుట లేదు. జీవియే యజమానిని పరీక్షించుచున్నది. మౌనము తప్పినందుకు మరణము లేదు, మరల చెట్టువరకు నడక మాత్రమే. తుదకు ఆ బేతాళుడే, శవమును తెమ్మన్న భిక్షువు కుట్రను బయటపెట్టి రాజు ప్రాణమును కాపాడును. ఓపికతో నడచిన నడకలకు అది ఫలము.

నాలుగవ నియమము మాకు మిక్కిలి దగ్గరది. జనగామ జిల్లా పాలకుర్తి మండలములోని బమ్మెర పోతనామాత్యుని గ్రామముగా ప్రసిద్ధము. ఆయన పేరిట వెలసిన ఆంధ్రమహాభాగవతమున అయిదవ స్కంధమును గంగన పూరించెను. అందు భరతుని కథ కలదు. రాజ్యము విడిచి తపస్సునకు వచ్చిన భరతుడు, సింహగర్జనకు బెదరి ఏరు దాటుచు తల్లిలేడి విడిచిన కూనను చేరదీసెను. గడ్డి కోసి పెట్టెను, భుజములమీద మోసెను, కంటికి కనబడనిచో కలతపడెను. మరణకాలమున దైవమును తలపవలసిన మనస్సు ఆ జింకపిల్లను తలచెను. మరుజన్మమున ఆయన జింకయై పుట్టెను. ఇది శిక్షయని వేదాంతులు చెప్పుదురు. నాకు మాత్రము ఇందు మరియొక అర్థము కూడ గోచరించుచున్నది: దేనిని అంతగా ప్రేమింతుమో దాని రూపమును మనము పొందుదుము. తోడుజీవి మనకు శక్తినిచ్చునని ఆటలు చెప్పును. అది మనలను తనవంటివారినిగా చేయునని భాగవతము చెప్పును.

అయిదవది మేడారము నియమము. ఒకనాడు భూపాలపల్లి జిల్లాలో నుండి 2019లో ములుగు జిల్లాలో చేరిన ఆ అడవిలో, వేటకు పోయిన కోయదొరలకు పులుల నడుమ ఆడుకొనుచున్న ఆడశిశువు కనబడినదనియు, ఆమెయే సమ్మక్కయనియు ఐతిహ్యము. ఆ పులులను ఆమె పిలువలేదు, కట్టలేదు, పని చెప్పలేదు. యుద్ధమున గాయపడి ఆమె అదృశ్యమైన గుట్టకు చిలుకలగుట్ట అని పేరు. రెండేండ్లకొకసారి మాఘపౌర్ణమికి వచ్చు జాతరలో భక్తులు అచ్చట సమర్పించునది బెల్లము. దానిని వారు బంగారమందురు. మ్రొక్కినవాడు త్రాసులో తానే కూర్చుండి తన యెత్తు బంగారము ఇచ్చుకొనును. ఆ త్రాసును చూచినప్పుడు నాకు 10 బంగారు నాణెముల లెక్క మరల జ్ఞప్తికి వచ్చినది. సంచిలోనుండి తీసి యిచ్చునది ధర. తన బరువుతో తూచి యిచ్చునది మ్రొక్కు. తోడుజీవికి చెల్లవలసినది రెండవది.

స్టేషను ముందరి చిలుక

నా బాల్యమున స్టేషనుకు ఎదురుగా వేపచెట్టు నీడలో ఒక చిలుకజోస్యుడు కూర్చుండెడివాడు. వెదురు పంజరము, వరుసగా పేర్చిన చీట్లు, గుప్పెడు వడ్లు ఆతని సంపద. రైలు తప్పినవారు, ఉద్యోగమునకు పోవువారు, బిడ్డకు సంబంధము వెదకువారు ఆతని యెదుట గొంతుకూర్చుండెడివారు. ఆతడు పంజరపు తలుపెత్తి “రా బంగారీ, రా తల్లీ, అయ్య పేరు మీద ఒక చీటీ తియ్యి” అనగానే చిలుక వచ్చి, చీట్లమీద నడచి, ఒకదానిని ముక్కుతో లాగి యిచ్చి, వడ్లగింజ అందుకొని, తానై లోపలికి పోయెడిది. నాకు అదియే మొట్టమొదట కన్న మాయ.

ఒక వర్షాకాలము తరువాత పంజరము ఖాళీగా కనబడెను. చీట్లు పేర్చియున్నవి, ఆతడు కూర్చుండియే ఉన్నాడు, చిలుక లేదు. జబ్బు చేసి చనిపోయినదని చెప్పెను. బాల్యసహజమైన తొందరతో “ఇంకో చిలుకను తెచ్చుకోరాదా?” అని అడిగితిని. ఆతడు నావైపు చూచి నెమ్మదిగా చెప్పిన మాట ఇప్పటికిని చెవిలో నున్నది:

“చిలుకనైతే రేపే తేవచ్చు బాబూ. దానికి నా గొంతు తెలవాలె, నాకు దాని నడక తెలవాలె. ఏడాది పడ్తది.”

ఆటగ్రంథమున ‘ఒక సంవత్సరము మీద ఒక దినము’ అను నియమమును చదివినప్పుడు నేను ఒక్కసారిగా పుస్తకము మూసి కూర్చుంటిని. ఆ నియమము వ్రాసినవారికి వేపచెట్టు క్రింది ఆ మనుష్యుడు తెలియడు. ఆతడును ఆ గ్రంథమును ఎరుగడు. మరణించినదాని స్థానము వెంటనే నిండరాదన్న ఒక్క సత్యమునకు ఇరువురును సాక్షులు.

ఈ కథకు మరియొక పార్శ్వము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. బంగారి రెక్కలు కత్తిరింపబడియుండెను. తానై పంజరములోనికి పోయెనని నేను మురిసినది ఎగురలేని పక్షిని చూచి. మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరములలో పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. ఆ చట్టము మంచిది. ఆ మనుష్యుని ప్రేమ నిజము. ఆ పక్షి చెర కూడ నిజము. ప్రేమ ఉన్నంతమాత్రమున చెర న్యాయమైపోదు. ఈ రెండు నిజములను ఒక్కసారి మోయగల చోటు నాకు ఆటయందే కనబడినది. ప్రాణమున్న చిలుకను అడవికి విడిచి, ఊహలోని చిలుకతో స్నేహము అభ్యసింపవచ్చును. ఈ ఆటను ఆదరించుటకు ఇది నా రెండవ కారణము.

మా నోటుపుస్తకము

డోర్నకల్‌కు వచ్చిన కొత్తవారిని మేము ముందుగా ఎపిఫనీ కెథెడ్రల్ చూడుమని పంపుదుము. ఇంగ్లండు సంఘమున బిషప్పు పదవినందిన మొదటి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో అభిషిక్తుడై డోర్నకల్‌లో నివసించి, 1945 మొదటిదినమున మరణించువరకు ఇచ్చటనే సేవచేసెను. ఆయన కట్టించి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆ ఆలయమున దేవాలయ మంటపముల వంటి స్తంభములు, మసీదులను తలపించు గుమ్మటములు క్రైస్తవ ఆరాధనకు నీడయిచ్చుచున్నవి. దూరమునుండి వచ్చిన విశ్వాసమునకు దూరదేశపు కప్పునే తెచ్చి వేయక, ఈ నేలయందలి రాతిపనిని పిలిచి ఇల్లు కట్టించిన బుద్ధి అది. దూరదేశపు ఈ ఆటకును మన కథలతో అట్టి ఇల్లు కట్టవలెనని నాకు తోచినది. ఒక ఆటకు అంత గౌరవమెందుకని ఎవరైన అడుగవచ్చును. పెద్దవిషయమున నేర్చుకొన్న ఇల్లు కట్టు పద్ధతియే చిన్నవిషయమునకును పనికివచ్చునని నా మనవి.

ఆ మాట చెప్పి మేనల్లుని పిలిచి కూర్చుండబెట్టితిని. వాడు ఆటయొక్క తూకము నెరుగును. ఏ నియమము ఆటను ఆపివేయునో, ఏది నడిపించునో వానికి తెలియును. నాకు కథలు తెలియును. ఇరువురమును కలిసి నాలుగు సాయంకాలములు కూర్చుండి ఒక నోటుపుస్తకమున అయిదు నియమములు వ్రాసితిమి.

పేరు పెట్టని జీవిని పనిమీద పంపరాదు. ఇది మొదటిది.

మంత్రముచేత వచ్చిన జీవిని ఒకసారి విడిచిపెట్టవలెను. తరువాతి ఆటలో అది తానై మరలివచ్చినచో మాత్రమే తోడగును. వచ్చునో రాదో పాచిక చెప్పును. విడుచునప్పుడు యజమాని చూపిన దయను బట్టి పాచికకు అంకెలు కలియును. ఇది నలుని హంస.

ప్రతి జీవియు యజమానికి ఒక్క షరతు విధించును. అబద్ధమాడరాదనియో, నిద్రించుచున్నవానిని కొట్టరాదనియో, ఏదైన ఒకటి. తప్పినచో జీవి చావదు, తన చెట్టునకు పోవును. మరల నడచిపోయి తెచ్చుకొనవలెను. ఇది బేతాళుడు.

జీవి మరణించినచో యజమాని ఒడలినుండి ఏదియు పోదు. అది నేర్పిన విద్య యొక్కటి, చీకటిలో చూచుటయో, పక్షులభాష తెలియుటయో, కథలోని ఒక సంవత్సరకాలము మూగవోవును. ఆ సంవత్సరమున మరియొక జీవిని పిలువరాదు. ప్రతి ఆట ఆరంభమున ఆటగాడు చనిపోయిన జీవిని గూర్చి ఒక జ్ఞాపకము చెప్పినచో గడువు ఒక మాసము తగ్గును. ఈ నియమమును వాడే కల్పించెను. దీనియందు వేపచెట్టు క్రింది మనుష్యుడున్నాడని వానికి నేను పిమ్మట చెప్పితిని.

యజమాని పాత్ర మరణించినచో ఆటగాని తరువాతి పాత్ర ఆ జీవి జాతికి చెందినదై పుట్టవలెను. ఇది భరతుని జింక. దీనిని విన్నప్పుడు వాని స్నేహితులు ముగ్గురును ఒక్కసారి ముందునకు వంగిరి.

పాత నియమము ఒడలిని అడిగినది, కొత్త నియమము సంచిని అడిగినది. మేము కాలమును, మాటను, జ్ఞాపకమును అడిగితిమి. అవి ఎవరియొద్దనైనను ఉండును. ఖర్చుపెట్టిన కొలది తోడు చిక్కనగును. దాచుకొనుటకు వీలుకాని వెల గనుక జీవిని సంచిలో దాచువాడుండడు. ఉత్తపుణ్యమునకు రాదు గనుక పారవేయువాడుండడు.

సెలవుల చివరి సాయంకాలము మరల చాప పరచిరి. అదే పాడుకోట, అదే చీకటిగది. ఈసారి వాని భుజముమీద నున్నది చిలుక. రెండు ఆటల క్రిందట దానిని విడిచిపెట్టెను. నిన్నటి ఆటలో అది తానై తిరిగివచ్చెను. చిలుకకు చీకటిలో చూపు లేదని, గుడ్లగూబయే మేలని స్నేహితుడొకడు చెప్పినను వాడు వినలేదు. కథానిర్వాహకుడు గది ద్వారమును వర్ణించి, ఎవరు ముందు పోవుదురని అడిగెను. వాడు 20 ముఖముల పాచికను అరచేత పట్టుకొని చాలసేపు త్రిప్పుచుండెను. భద్రాచలం రోడ్డు బండి కూత వేసికొని కదలిపోయెను.

“బంగారిని పంపను మామా,” అనెను. “నేనే పోత. అది బయట నుంచి నా గొంతు వింటది.”